వచ్చే సంచికకు చందా కట్టినవాళ్ళు

1990ల మొదట్లో అమెరికాలో ఒక దారుణమైన వ్యాపారం జోరుగా సాగింది. ఎయిడ్స్ వచ్చి ఇక ఎంతోకాలం బతకరని డాక్టర్లు చెప్పేసినవాళ్ళ దగ్గర జీవిత బీమా పాలసీలు కొనే కంపెనీలు పుట్టుకొచ్చాయి. పాలసీ విలువలో కొంత భాగం ఇప్పుడే చేతిలో పెడతారు. ఆ తర్వాతి ప్రీమియంలు కంపెనీయే కట్టుకుంటుంది. మనిషి పోయాక బీమా సొమ్మంతా దానిదే. ఎంత తొందరగా పోతే అంత లాభం. మందులకూ ఇంటి అద్దెకూ డబ్బులు చాలక వేలమంది ఇలా పాలసీలు అమ్ముకున్నారు. కొందరు అప్పులు తీర్చారు, కొందరు చూడాలనుకున్న ఊళ్ళు చూసొచ్చారు. న్యూయార్క్‌లో ఉండే షాన్ స్ట్రబ్ ఆ డబ్బుతో ఒక పత్రిక పెట్టారు.

ఆ పత్రిక పేరు 'పాజ్'. పాజిటివ్ అనే మాటను హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు తమలో తాము పొట్టిగా అనుకునే తీరు అది. రెండు నెలలకొకసారి వచ్చే పత్రికగా 1994 ఏప్రిల్-మే సంచికతో మొదలైంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం వచ్చిన ఈ పత్రికలో రాసినవాళ్ళలోనూ చాలామందికి హెచ్‌ఐవీ ఉంది. అప్పటికి స్ట్రబ్‌కు 35 ఏళ్ళు. తన ఒంట్లో వైరస్ ఉందని 1985లోనే తెలిసింది. తనతో కలిసి బతికిన మైకేల్ 1988లో ఎయిడ్స్‌తో పోయారు. ఏడాదికి సరిపడా చందా కట్టమని అడిగే పత్రికను, వచ్చే ఏడాదికి తనే ఉంటారో లేదో తెలియని మనిషి మొదలుపెట్టారు. చందా కట్టేవాళ్ళదీ అదే పరిస్థితి. ఫలానా నెలలో వచ్చే సంచికను నేనే అందుకుంటాను, నేనే చదువుతాను అనుకుంటేనే ఎవరైనా చందా కడతారు. ఆ రోజుల్లో హెచ్‌ఐవీ ఉన్న మనిషి అంతమాత్రం అనుకోవడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి.

స్ట్రబ్ అయోవా రాష్ట్రంవాడు. కుర్రతనంలో వాషింగ్టన్‌లోని అమెరికా పార్లమెంటు భవనంలో లిఫ్టు నడిపారు. తర్వాత పోస్టులో ఉత్తరాలు పంపి ఉద్యమాలకు విరాళాలు పోగుచేసే పనిలో చేయి తిరిగింది. తనకు హెచ్‌ఐవీ ఉందని బాహాటంగా చెప్పుకుంటూనే 1990లో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేశారు. గెలవలేదు. ఎలాంటి ఉత్తరం వస్తే జనం కవరు విప్పుతారో, ఏ మాట రాస్తే చెక్కు రాసి పంపుతారో తెలిసిన మనిషి కాబట్టి చందాదారులను చేర్చుకునే విద్య ఆయనకు కొత్త కాదు. డబ్బు పెట్టలేని హెచ్‌ఐవీ రోగులకు పత్రికను ఉచితంగా పంపే పద్ధతి కూడా పెట్టారు.

1994 అంటే ఎలాంటి కాలమో ఇప్పటి కుర్రవాళ్ళకు విడమరిచి చెప్పాలి. అమెరికాలో 25 నుంచి 44 ఏళ్ళ మధ్య వయసువాళ్ళ చావులకు అప్పట్లో ఎయిడ్సే అన్నిటికంటే పెద్ద కారణం. 1987లో వచ్చిన ఏజడ్‌టీ అనే మందు ఒక్కదాన్నే వాడితే కొన్నాళ్ళు పనిచేసేది. ఆ తర్వాత వైరస్ దానికి లొంగేది కాదు. పేపర్లలోనూ టీవీలోనూ ఎయిడ్స్ అనగానే మంచానికి అతుక్కుపోయి, ఎముకలు తేలిన మనిషి ఫొటో వేసేవాళ్ళు. ఆ ఫొటోలోని మనిషి కూడా పేపరు చదువుతాడని వేసినవాళ్ళకు తట్టేది కాదు. వార్త అతని గురించే అయినా రాసేది మిగతా అందరి కోసం.

'పాజ్' ఆ మనిషినే పాఠకుడిగా కూర్చోబెట్టింది. నిగనిగలాడే కాగితం, రంగుల ముఖచిత్రం, సినిమా పత్రికలకు ఏమాత్రం తీసిపోని ఫొటోలు. మొదటి సంచిక ముఖచిత్రం మీద టై రాస్ అనే యువకుడు ఉన్నారు. ఆయన తాత బ్యారీ గోల్డ్‌వాటర్ అరిజోనా సెనేటర్‌గా పనిచేసి, 1964లో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడిన నాయకుడు. అమెరికా సంప్రదాయవాదులకు పెద్ద దిక్కు. అలాంటి ఇంటి పిల్లవాడు తనకు హెచ్‌ఐవీ ఉందని చెప్పి ముఖచిత్రానికి ఒప్పుకున్నారు. ఈ జబ్బు మన ఇంటి గడప తొక్కదు అనుకునే పెద్ద కుటుంబాలకు ఆ ఒక్క ఫొటో చెప్పినంత గట్టిగా ఏ ప్రభుత్వ ప్రకటనా చెప్పి ఉండదు.

ఈ పత్రికకు ముందు పదమూడేళ్ళ దారి ఉంది. దాన్ని వేసినవాళ్ళలో చాలామంది 'పాజ్' మొదటి సంచిక చూడకుండానే పోయారు.

బాబీ క్యాంప్‌బెల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సు. 1981లో ఆయన పాదాల మీద ఊదారంగు మచ్చలు తేలాయి. అది కపోసీ సార్కోమా అనే అరుదైన కాన్సర్. దాని వెనకున్న జబ్బుకు అప్పటికి ఎయిడ్స్ అనే పేరు కూడా పెట్టలేదు. క్యాంప్‌బెల్ ఆ మచ్చలు ఫొటోలు తీసి, తమ కాస్ట్రో ప్రాంతంలోని ఒక మందుల షాపు అద్దానికి అంటించారు. ఇలాంటివి కనబడితే వెంటనే డాక్టరుకు చూపించుకోండని దారినపోయేవాళ్ళను హెచ్చరించారు. ఆపైన అక్కడి వారపత్రికలో తన జబ్బు గురించి తనే కాలమ్ రాశారు. 1984లో, 32 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

పోవడానికి ముందు ఏడాది, 1983 జూన్‌లో, డెన్వర్ నగరంలో జరిగిన ఒక ఆరోగ్య సదస్సుకు ఆయనా, మరికొందరు రోగులూ వెళ్ళారు. డాక్టర్లూ సేవా సంస్థలవాళ్ళూ మాట్లాడుకుంటుంటే వినడానికి కాదు. తాము రాసుకున్న ఒక పత్రం తీసుకుని వేదికెక్కారు. దాన్నే డెన్వర్ సూత్రాలంటారు. మమ్మల్ని బాధితులనకండి, మేం ఎయిడ్స్ ఉన్న మనుషులం అన్నది అందులో మొదటి మాట. అక్కడితో ఆగలేదు. మా గురించి నిర్ణయం చేసే ప్రతి కమిటీలోనూ మాకు కుర్చీ ఉండాలన్నారు. ఏ వైద్యమైనా దాని మంచిచెడ్డలు మాకు పూర్తిగా చెప్పాలన్నారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మా ఇష్టమన్నారు. మా కాగితాలు గోప్యంగా ఉండాలన్నారు. ఇవాళ మన దేశంలో ఏ పెద్దాసుపత్రి గోడ మీదైనా కనబడే రోగి హక్కుల పట్టికలో ఇవన్నీ మామూలు సంగతులు. నలభై ఏళ్ళ కిందట, ముట్టుకోవడానికే జనం జంకే రోగులు వేదిక మీద నిలబడి అడిగారు.

అక్కడున్నవాళ్ళలో మైకేల్ క్యాలెన్ ఒకరు. పాటగాడు. 1985లో న్యూయార్క్‌లో రోగులు తమ సంఘం తరఫున 'న్యూస్‌లైన్' అనే పత్రిక మొదలుపెట్టినప్పుడు ఆయనే సంపాదకుడు. హంగులేమీ లేని పత్రిక అది. ప్రాణాలు నిలిపే సంగతులు అందులో ఉండేవి. ఎయిడ్స్ వచ్చినవాళ్ళను ఎక్కువగా చంపింది ఒక రకం న్యుమోనియా. అది రాకుండా ఆపడానికి చవక మందు అప్పటికే ఉంది. మన ఊళ్ళ మందుల షాపుల్లో సెప్ట్రాన్ పేరుతో దొరికేదే. రోగం రాకముందే దాన్ని వాడమని క్యాలెన్, ఆయన డాక్టరు జోసెఫ్ సొన్నబెండ్ ఊరంతా చాటారు. దేశమంతటికీ ఆ మేరకు సూచనలు ఇవ్వమని క్యాలెన్ 1987లో ప్రభుత్వ శాస్త్రవేత్తలను అడిగారు. ఆధారాలు ఇంకా చాలవన్నారు వాళ్ళు. సూచనలు 1989లో గానీ రాలేదు. ఆ రెండేళ్ళలో ఆ న్యుమోనియాతో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. రోగుల పత్రిక చదివినవాళ్ళకు మాత్రం సంగతి ముందే తెలిసింది. రోగుల పత్రిక ఎందుకని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చాలు. క్యాలెన్ 1993 డిసెంబరులో పోయారు. నాలుగు నెలల తర్వాత 'పాజ్' వచ్చింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1990లో మొదలైన మరో చిన్న పత్రికలో వంటల శీర్షిక ఒకటి క్రమం తప్పకుండా వచ్చేది. ఎయిడ్స్‌లో మనిషి చూస్తుండగానే చిక్కిపోతాడు, కండ కరిగిపోతుంది. అందుకని వెన్న, మీగడ దండిగా వేసి, ఒంటికి బరువు పట్టే వంటకాలు అందులో చెప్పేవాళ్ళు. లావెక్కండి, చావకండి అన్న అర్థం వచ్చేలా ఆ శీర్షికకు పేరు పెట్టారు. మిగతా పత్రికలన్నీ బరువు తగ్గే చిట్కాలు రాస్తున్న కాలంలో, బరువు పెంచే వంటలు ఎవరికి కావాలో వాళ్ళకే తెలుసు. ఆ పత్రికను స్థాపించిన ఇద్దరూ ఎయిడ్స్‌తోనే పోయారు.

ఇక 'పాజ్' లోపలి పేజీల్లోకి వద్దాం. అన్నిటికంటే విడ్డూరంగా తోచేది స్ట్రబ్ తన సొంత బ్లడ్ రిపోర్టును పత్రికలో అచ్చువేయించడం. ల్యాబ్ నుంచి వచ్చిన అంకెలన్నీ వేసి, పక్కనే వాటి అర్థమేమిటో డాక్టరు చేత చెప్పించేవారు. సంపాదకుడి ఆరోగ్యం బాగుపడుతోందో దిగజారుతోందో పాఠకులు సంచిక తర్వాత సంచికగా చూశారు. బ్లడ్ రిపోర్టు డాక్టరు చేతిలో ఉండాల్సిన కాగితమని, అది మనకు అర్థం కాదని అనుకునేవాళ్ళకు దాన్ని చదవడం నేర్పే పద్ధతి అది.

అందులో ముఖ్యంగా చూసుకోవాల్సినవి రెండే అంకెలు. మొదటిది సీడీ4. రోగాలను ఎదుర్కొనే తెల్ల రక్తకణాల్లో ఒక రకం ఇవి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో 500 నుంచి 1500 వరకు ఉంటాయి. హెచ్‌ఐవీ పట్టుకునేది వీటినే. లెక్క 200 కంటే కిందికి పడిందంటే ఎయిడ్స్ దశకు చేరినట్టు. టీబీ, న్యుమోనియా, మెదడు వాపులాంటివి అప్పుడు మీదపడతాయి. రెండోది వైరల్ లోడ్, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క. మందులు సరిగ్గా వేసుకుంటే సీడీ4 పెరుగుతుంది, వైరల్ లోడ్ తగ్గుతుంది. హెచ్‌ఐవీ ఉంటే ఎయిడ్స్ ఉన్నట్టే అనుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది. వైరస్ ఉండి, మందులు వేసుకుంటూ, ఎయిడ్స్ దశకు ఎన్నడూ చేరకుండా ముసలివాళ్ళయ్యేవాళ్ళు ఇవాళ లక్షల్లో ఉన్నారు.

స్ట్రబ్ అంకెలు మాత్రం కిందికే పోయాయి. ముఖం మీద కపోసీ సార్కోమా మచ్చలు తేలాయి. తాను స్థాపించిన పత్రికలోనే తన మరణవార్త రావచ్చన్నంత దూరం వెళ్ళింది వ్యవహారం.

అంతలో 1996 వచ్చింది. ప్రోటీజ్ ఇన్‌హిబిటర్లనే కొత్త రకం మందులు 1995 డిసెంబరు నుంచి ఒక్కొక్కటే అమ్మకానికి వచ్చాయి. వాటిని పాత మందులతో కలిపి మూడు రకాలూ ఒకేసారి వేసుకుంటే వైరస్ తప్పించుకోలేదని 1996 జూలైలో వాంకూవర్ అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు చాటింది. మంచం పట్టినవాళ్ళు కొద్ది నెలల్లోనే లేచి తిరిగారు. అమెరికాలో 1995లో ఎయిడ్స్‌తో దాదాపు 50 వేలమంది పోతే, 1997లో ఆ సంఖ్య సగంకంటే తగ్గింది. స్ట్రబ్ మచ్చలు మాసిపోయాయి. చావు మీద లాభం లెక్కేసుకున్న బీమా కొనుగోలుదార్ల వ్యాపారం దెబ్బతింది. ఒక కంపెనీ వాంకూవర్ సదస్సు జరిగిన నెలలోనే కొత్త పాలసీలు తీసుకోవడం ఆపేసింది.

'పాజ్' పాఠకులకు అప్పుడు కొత్త చిక్కులు వచ్చాయి. చనిపోవడానికి సిద్ధపడి ఉద్యోగం మానేసినవాళ్ళు, దాచుకున్నది ఖర్చుపెట్టేసినవాళ్ళు, క్రెడిట్ కార్డుల మీద అప్పులు చేసినవాళ్ళు ఇప్పుడు బతకాలి. మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. ప్రేమించవచ్చా, పెళ్ళి చేసుకోవచ్చా, పిల్లల్ని కనవచ్చా అన్న ప్రశ్నలు వచ్చాయి. మందుల బాధలు సరేసరి. కొన్ని మందులవల్ల కొవ్వు చేరాల్సిన చోట కరిగిపోయి చేరకూడని చోట పేరుకునేది. బుగ్గలు లోపలికి పీక్కుపోయి, పొట్ట మాత్రం పెరిగేది. ముఖం చూసి జనం జబ్బు పసిగట్టేస్తారన్న భయం. ఈ బాధ మనవాళ్ళకూ తెలుసు. మన దేశంలో ఉచిత మందులు మొదలైన కొత్తలో ఎక్కువమందికి ఇచ్చిన స్టావుడిన్ వల్ల బుగ్గలు పోయినవాళ్ళు, కాళ్ళు తిమ్మిర్లెక్కినవాళ్ళు తెలుగు జిల్లాల్లోనూ ఎందరో. ఆ మందును వదిలిపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది.

పత్రికకు ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా చెప్పుకోవాలి. చాలావరకు ప్రకటనల నుంచి. ప్రకటనలిచ్చేది ఎక్కువగా మందుల కంపెనీలు. మొదట్లో బీమా పాలసీలు కొనే కంపెనీలూ ఇచ్చాయి. చావు కోసం ఎదురుచూసేవాళ్ళ ప్రకటనా, బతకడం ఎలాగో చెప్పే వ్యాసమూ ఒకే సంచికలో. మందుల ప్రకటనల్లో కండలు తిరిగిన కుర్రాళ్ళు కొండలెక్కుతూ, సైకిళ్ళు తొక్కుతూ కనిపించేవారు. ఈ బొమ్మలు జబ్బును మరీ తేలిక చేసి చూపిస్తున్నాయని శాన్‌ఫ్రాన్సిస్కో కార్యకర్తలు మండిపడ్డారు. అలాంటి బొమ్మలు వేయవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో కంపెనీలకు లేఖ రాసింది. మందుల కంపెనీ డబ్బుతో నడుస్తూ ఆ కంపెనీ ధరలను ఎంత గట్టిగా ప్రశ్నించగలరన్నది న్యాయమైన అనుమానమే. అయితే ఆ ప్రకటనలే లేకపోతే చందా కట్టలేని పాఠకుడికి పత్రిక ఉచితంగా అందేది కాదన్నదీ నిజమే. రెండు నిజాలనూ పక్కపక్కనే ఉంచుకోవడం తప్ప దీనికి సులువైన తీర్పు లేదు.

ఇబ్బంది పెట్టే విషయాలనూ పత్రిక పక్కకు నెట్టలేదు. లెరాయ్ విట్‌ఫీల్డ్ నల్లజాతి యువకుడు, 'పాజ్'లో సంపాదకవర్గంలో పనిచేసిన మంచి విలేకరి. అమెరికాలో హెచ్‌ఐవీ నల్లజాతి పేటలను ఎలా కమ్ముకుంటోందో రాశారు. హెచ్‌ఐవీ మందుల మీద మాత్రం ఆయనకు నమ్మకం కుదరలేదు. దుష్ఫలితాలంటే భయం. ఆ భయాన్ని దాచుకోకుండా కాలమ్‌లలో రాసుకున్నారు. మందులు మొదలుపెట్టకుండానే 2005లో, 36 ఏళ్ళకే పోయారు. మందులు చేతికందే దూరంలో ఉన్నా, చదువుకున్న మనిషి, అన్నీ తెలిసిన మనిషి ఎందుకు వేసుకోలేదన్న ప్రశ్నకు ఆయన రాతల్లో దొరికే జవాబు ఏ డాక్టరూ చెప్పలేనిది. నల్లజాతివాళ్ళకు అమెరికా వైద్యం మీద తరతరాల అపనమ్మకం ఉంది. దానికి కారణాలూ ఉన్నాయి.

మరో కథ రీగన్ హాఫ్‌మన్‌ది. న్యూజెర్సీలో బాగా ఉన్న కుటుంబం, గుర్రపు స్వారీ తెలిసిన అమ్మాయి. 1996లో హెచ్‌ఐవీ అని తేలింది. ఇంట్లోవాళ్ళకూ కొద్దిమంది స్నేహితులకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. 'పాజ్'లో పేరు లేకుండా కాలమ్ రాశారు. పైకి మామూలుగా ఉద్యోగం చేసుకుంటూ, లోపల ఈ రహస్యాన్ని మోస్తున్న స్త్రీ ఎవరో పాఠకులకు తెలియదు. 2006లో ఆమె తన పేరుతో, తన ఫొటోతో ముఖచిత్రం మీద కనిపించి, అదే పత్రికకు ప్రధాన సంపాదకురాలయ్యారు. 2009లో తన కథను పుస్తకంగానూ రాశారు. పదేళ్ళు పట్టింది ఆమెకు. పేరు చెప్పుకోవడానికి అంత సమయం పట్టిందంటే, అందులో ఆమె పిరికితనం కంటే చుట్టూ ఉన్నవాళ్ళ చూపుల బరువే ఎక్కువ.

ఈ ముప్పై ఏళ్ళలో 'పాజ్' మోసుకొచ్చిన వార్తల్లో అన్నిటికంటే పెద్దది ఏదని అడిగితే మూడు ముక్కల్లో చెప్పవచ్చు. వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంత తగ్గి, అలాగే నిలిస్తే, ఆ మనిషి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ మరొకరికి సోకదు. నోటిమాట కాదిది. భార్యాభర్తల్లో ఒకరికి మాత్రమే హెచ్‌ఐవీ ఉన్న 1,763 జంటల మీద తొమ్మిది దేశాల్లో పెద్ద అధ్యయనం జరిగింది. అందులో చెన్నై, పుణె కూడా ఉన్నాయి. ముందుగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ప్రమాదం 96 శాతం తగ్గుతుందని 2011లో తేలింది. ఆ తర్వాత యూరప్‌లో జరిగిన అధ్యయనాల్లో, వైరస్ అణిగి ఉన్నవాళ్ళ నుంచి కండోమ్ లేకపోయినా ఒక్కరికీ సోకలేదు. గర్భిణికి సరైన సమయంలో మందులిస్తే బిడ్డకు సోకే ప్రమాదమూ చాలా చాలా తక్కువ. ఈ సంగతి తెలిసిన దంపతుల బతుకూ తెలియని దంపతుల బతుకూ ఒకటి కాదు. భయంతో పక్క గదిలో పడుకునే భర్తకు, బిడ్డను కనడానికి వెనకాడే భార్యకు ఈ మాట ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

మన దేశంలో కథ వేరే దారిలో నడిచింది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న డాక్టర్ నిర్మల కలిసి దేశంలో మొట్టమొదటిసారిగా హెచ్‌ఐవీని పట్టుకున్నారు. అమెరికాలో 1996లో వచ్చిన మూడు మందుల వైద్యానికి ఏడాదికి పదివేల డాలర్లకు పైనే అయ్యేది. మనవాళ్ళకు అది అందని మాట. 2001లో ముంబైకి చెందిన సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే, అంటే రోజుకు డాలరు లోపే, ఆ మూడు మందులూ ఇస్తామని ప్రకటించింది. యూసుఫ్ హమీద్ చేసిన ఆ ప్రకటన ఆఫ్రికాలో, ఆసియాలో లక్షల ప్రాణాలు నిలిపింది. ఆ తర్వాత హైదరాబాద్ కంపెనీలు రంగంలోకి దిగాయి. హెటిరో, అరబిందోలాంటివి తయారుచేసిన హెచ్‌ఐవీ మాత్రలు ఎన్నో దేశాల ఆసుపత్రులకు వెళ్తున్నాయి. దక్షిణాఫ్రికాలో ఏదో పల్లెలో ఒక తల్లి రోజూ వేసుకునే మాత్ర పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల నుంచో, జడ్చర్ల వైపు నుంచో వెళ్ళినదై ఉండవచ్చు.

మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు, జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పటికీ మన రెండు రాష్ట్రాలు దేశ సగటుకంటే పైనే ఉన్నాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళు సుమారు 25 లక్షలు. పెద్దవాళ్ళలో దేశ సగటు 0.20 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.6 శాతానికి పైన, తెలంగాణలో 0.4 శాతానికి పైన. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకొక్క మాత్ర చాలు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ పింఛను ఇస్తున్నాయి.

మాత్ర దొరుకుతోంది, మాట దొరకడం లేదు. హెచ్‌ఐవీ మందులిచ్చే సొంత జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌లో ఎవరైనా గుర్తుపడతారని పక్క జిల్లాకు బస్సెక్కేవాళ్ళు ఉన్నారు. మాత్రల డబ్బా మీది చీటీ పీకేసి, షుగరు మందులని ఇంట్లో చెప్పేవాళ్ళు ఉన్నారు. సెంటర్‌లో కౌన్సెలర్ ముందు కూర్చునేది కొద్ది నిమిషాలు. వెనక వరసలో పదిమంది. అడగాలనుకున్నది సగం గొంతులోనే ఉండిపోతుంది. చదువుకోవడానికి తెలుగులో చేతికందేది ఎక్కువగా గోడ పోస్టరే. అది ఇంకా సోకనివాళ్ళ కోసం రాసింది. సోకకుండా జాగ్రత్తపడండి అంటుంది. ఇరవై ఏళ్ళుగా వైరస్‌తో బతుకుతున్న మనిషికి ఆ పోస్టరు చెప్పేదేమీ లేదు.

ఆ లోటును కొంత పూడ్చింది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంఘాలే. 1997లో చెన్నైలో జాతీయ స్థాయి నెట్‌వర్క్ పుట్టింది. మరుసటి ఏడాది అక్కడే పి. కౌసల్య మరికొందరితో కలిసి పాజిటివ్ మహిళల నెట్‌వర్క్ పెట్టారు. భర్త ద్వారా హెచ్‌ఐవీ సోకి, ఆ తర్వాత అత్తింటి ఆస్తి కోసం పోరాడాల్సిన ఆడవాళ్ళు మన దగ్గర వేలమంది. వాళ్ళకు ఆ సంఘాల్లోనే మొదటిసారి తమలాంటి మరొకరు కనబడ్డారు. తెలుగు జిల్లాల్లోనూ అలాంటి నెట్‌వర్క్‌లు పనిచేస్తున్నాయి. ఎవరు మందులు మానేశారో కనుక్కుని ఇంటికి వెళ్ళి నచ్చజెప్పేది, కొత్తగా తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని నాకూ ఉంది, నేను బాగానే ఉన్నాను చూడు అనేది ఆ కార్యకర్తలే. న్యూస్‌లైన్ చేసిన పనే ఇది, కాగితం లేకుండా.

కాగితం మీదికీ రావాలి. 'పాజ్'లాంటి పత్రిక తెలుగులో ప్రతి ఏఆర్‌టీ సెంటర్ బల్ల మీదా ఉండాల్సిన వస్తువు. అందులో ఏముండాలో వెతుక్కోనక్కర్లేదు, వరసలో నిలబడ్డవాళ్ళను అడిగితే చాలు. మాత్ర ఒక పూట మరచిపోతే ఏం చేయాలి. టీబీ మందులతో కలిపి వేసుకోవచ్చా. హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆపరేషన్ చేయబోమని వెనక్కి పంపితే ఎక్కడ ఫిర్యాదు చేయాలి. పుట్టుకతో సోకిన పిల్లవాడికి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, సంబంధాలు చూడాలి, ఏం చెప్పాలి. దుబాయ్ వెళ్ళడానికి మెడికల్ టెస్టులో పాజిటివ్ వచ్చి వీసా పోయింది, ఇప్పుడేం దారి. అరవై దాటాక బీపీ, షుగరు కూడా తోడైతే ఏ మందు దేనితో పడుతుంది.

ఇప్పుడు వస్తున్న కొత్త మందుల గురించీ చెప్పాలి. లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ ఆరు నెలలకొకసారి వేసుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడుతుంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన పరీక్షలో ఆ ఇంజెక్షన్ వేసుకున్న రెండువేల పైచిలుకు ఆడపిల్లల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదని 2024లో తేలింది. దాన్ని చవకగా తయారుచేసే అనుమతి పొందిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటిరో హైదరాబాదువే. ఏడాదికి సుమారు 40 డాలర్లకు 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు అందించే ఒప్పందాలు 2025లో కుదిరాయి. అమెరికా పత్రికలు దీని గురించి పేజీలకు పేజీలు రాశాయి. తయారయ్యే ఊళ్ళో, దాని అవసరం ఉన్నవాళ్ళకు అర్థమయ్యే భాషలోనూ రావాలి కదా.

రాసేవాళ్ళు పేరు పెట్టుకోనక్కర్లేదు. హాఫ్‌మన్ కొన్నేళ్ళపాటు అలాగే రాశారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా విషయాల్లో వివక్ష చూపకూడదని కూడా ఆ చట్టం అంటోంది. ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలోనూ అంబుడ్స్‌మన్ ఉండాలంటోంది. ఆ చట్టంలోని ఒక్కో సెక్షన్‌నూ ఒక్కో సంచికలో, ఒక్కో మనిషి అనుభవంతో కలిపి విడమరిచి రాసుకుంటూ పోయినా తొలి రెండేళ్ళకు సరిపడా సరుకు ఉంటుంది. జిల్లా నెట్‌వర్క్‌ల కార్యకర్తలకు ఆ అనుభవాలన్నీ తెలుసు. వాళ్ళు చెబుతుంటే రాసుకునే మనిషి ఒకరు, అచ్చుకు కొంత డబ్బు, సెంటర్‌లో పత్రికలు పెట్టుకోవడానికి ఒక బల్ల కావాలి.